పుట్ట పుట్టకీ దీపాలే!

చెదల పుట్ట అంటే మనకు మట్టిముద్దే. కానీ బ్రెజిల్‌లోని ఎమాస్ జాతీయ పార్కులో తొలకరి కురిశాక చీకటి పడితే చాలు... పుట్ట పుట్టకీ ఆకుపచ్చ దీపాలు వెలుగుతాయి. వాటిని వెలిగించేది మనుషులు కాదు, ఓ పురుగు పిల్లలు. అదీ మామూలుగా కాదు, ఆకలేసి! చూడటానికి ఎంతో అందమైన ఆ వెలుగు పార్కు కంచె దాటితే మాత్రం కనిపించకుండా పోతోంది.

మధ్యాహ్నం ఓ జల్లు పడి వెలిసింది. పొద్దు వాలింది. కనుచూపు మేరా గడ్డి. ఆ గడ్డి మధ్యలో అక్కడో పుట్ట, ఇక్కడో పుట్ట. కొన్ని మోకాలెత్తు ఉంటే కొన్ని మనిషంత ఎత్తున్నాయి. చీకటి చిక్కబడేకొద్దీ వాటిలో ఓ పుట్ట మీద ఆకుపచ్చని చుక్క ఒకటి మెరుస్తుంది. మిణుగురులా ఆరుతూ వెలుగుతూ ఉండదది. నిలకడగా అలాగే వెలుగుతూ ఉంటుంది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి, కింద మరొకటి. చూస్తుండగానే పుట్ట ఒళ్లంతా చుక్కలు పరుచుకుంటాయి. ఆ పుట్ట వెనకున్న పుట్టా అంతే. దాని వెనకున్నదీ అంతే. కార్తీక మాసంలో గుడి మెట్ల నిండా దీపాలు పెడితే ఎలా ఉంటుందో, ఆ మైదానం అలా ఉంటుంది.

పోలిక ఒక్క అందంలోనే కాదు, రోజుల్లోనూ కుదిరింది. బ్రెజిల్‌లోని ఈ ప్రాంతం భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మనకు వానలు వెనక్కి మళ్లే వేళకి వాళ్లకి తొలకరి మొదలవుతుంది. అందుకే ఎమాస్‌లో పుట్టలు బాగా వెలిగేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఇంచుమించుగా మనం దీపావళి జరుపుకుని, నాగుల చవితికి పుట్టలో పాలు పోసే రోజులన్నమాట!

ఈము కాదు... ఎమా

బ్రెజిల్ నడిబొడ్డున, గొయాస్ రాష్ట్రం నైరుతి మూలన ఉంది ఈ పార్కు. కొంత భాగం పక్కనున్న మాతో గ్రోసో దొ సుల్ రాష్ట్రంలోకీ వెళుతుంది. విస్తీర్ణం సుమారు 1,32,000 హెక్టార్లు. మన లెక్కలో మూడు లక్షల ఎకరాల పైమాటే. కొత్త రాజధాని బ్రసీలియాను కట్టించిన అధ్యక్షుడు జుసెలీనో కుబిచెక్, పదవి దిగిపోయే నెలలోనే... అంటే 1961 జనవరిలో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

పేరు వినగానే ఈము పక్షి గుర్తొస్తుంది కదూ. అది కాదు. దక్షిణ అమెరికాలో ఎగరలేని ఓ పెద్ద పక్షి ఉంది. ఇంగ్లిషులో రియా అంటారు. బ్రెజిల్ వాళ్లు మాత్రం ఎమా అని పిలుస్తారు. ఒకప్పుడు ఈ మైదానాల్లో అవి మందలుగా తిరిగేవి. వాటి పేరే పార్కుకు వచ్చింది. ఇప్పటికీ పొద్దున పూట జీపులో వెళితే పొడవాటి మెడలు ఎత్తి చూస్తూ కనిపిస్తాయి. వాటితో పాటు ఎర్రటి ఒంటికి నల్లటి పొడుగు కాళ్లు తగిలించినట్టుండే మేన్డ్ ఊల్ఫ్, చేటంత తోకతో నడిచే పెద్ద చీమలతిండి జంతువు, పంపాస్ జింకలు, జాగ్వార్‌లు... అన్నీ ఉన్నాయి.

ఈ నేలను సెరాడో అంటారు. బ్రెజిల్ అంటే అందరికీ అమెజాన్ అడవే తెలుసు. దాని పక్కనే ఇరవై లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ గడ్డిభూమి గురించి తెలిసింది తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి ఇది ఏడు రెట్లు. వంకర్లు తిరిగిన పొట్టి చెట్లు, నడుమెత్తు గడ్డి, ఎర్రమట్టి. మొత్తం చూస్తే బోలెడన్ని పుట్టలు.

టక్‌మని ఎగిరే పురుగు

పుట్ట అనగానే మనకు పాము గుర్తొస్తుంది. చెదలు కష్టపడి కట్టుకున్న ఇంట్లో ఎక్కడినుంచో వచ్చి చేరుతుందని దానికి పేరు. ఎమాస్‌లోనూ అలా అద్దె కట్టకుండా చేరే అతిథి ఒకటుంది. పాము కాదు, క్లిక్ బీటిల్ అనే పెంకుపురుగు పిల్ల.

క్లిక్ బీటిల్స్ మనకు కొత్తవేం కాదు. వానాకాలం వరండాలో లైటు కింద వచ్చి వాలే పురుగుల్లో సన్నగా, పొడుగ్గా, గోధుమరంగులో ఉండేవి కొన్ని ఉంటాయి. వాటిలో ఒకదాన్ని వెల్లకిలా తిప్పితే కాసేపు కదలకుండా పడి ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి 'టక్'మంటూ గాల్లోకి ఎగిరి పడుతుంది. అదే ఈ జాతి గుర్తు. ప్రపంచం మొత్తమ్మీద వీటిలో దాదాపు పదివేల రకాలు ఉన్నాయి.

ఆ ఎగురుడుకి కాళ్లతో పనే లేదు. దాని రొమ్ము కింద ముల్లులాంటి చిన్న కొక్కెం, దానికి ఎదురుగా ఓ గుంట ఉంటాయి. ఒంటిని విల్లులా వెనక్కి వంచి కండరాలు బిగబడుతుంది. ముల్లు గుంట అంచున ఆగి ఉంటుంది. పట్టు జారగానే ముల్లు గుంటలోకి దూకుతుంది. ఎలకల బోను మూసుకున్నట్టే! ఆ విసురుకి ఒంటి పొడవుకి ఇరవై రెట్ల ఎత్తుకు పైగా ఎగరగలవు. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు హైస్పీడు కెమెరాలతో, ఎక్స్‌రేలతో దీన్ని చిత్రించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆ క్షణంలో పురుగు మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు 300 రెట్లు మించుతుందట. ఇలాంటి చిట్కాతో తలకిందులైనా తమంతట తాము లేచే చిన్న రోబోలు చేయాలన్నది వారి ఆలోచన.

బ్రెజిల్ పురుగుల ఈ విన్యాసం చూసి రెండు శతాబ్దాల క్రితమే ముచ్చటపడినవారు ఒకరున్నారు... చార్లెస్ డార్విన్. 1830లలో బీగిల్ నౌకలో బహియా చేరుకున్నప్పుడు అక్కడ వెలుగునిచ్చే పురుగుల్లో ఎక్కువగా కనిపించింది క్లిక్ బీటిలేనని, అది ఎలా ఎగురుతుందో గమనిస్తూ కాలక్షేపం చేశానని ఆయన తన యాత్రా గ్రంథంలో రాసుకున్నారు.

అవును, క్లిక్ బీటిల్స్‌లో కొన్నిటికి వెలుగూ ఉంటుంది. పదివేల రకాల్లో అలాంటివి సుమారు రెండు వందలు. పెద్ద పురుగులకైతే మెడ వెనక రెండు వైపులా రెండు దీపాలు... చీకట్లో వచ్చే కారు హెడ్‌లైట్లలా. ఎమాస్ పుట్టల మీద వెలిగేది మాత్రం పెద్ద పురుగు కాదు, దాని పిల్ల.

వెలుగు వల

ఆ పిల్లపురుగు పుట్ట పైపొరలో తన ఒంటికి సరిపడా సొరంగం తవ్వుకుంటుంది. పగలంతా లోపలే ఉంటుంది. చీకటి పడ్డాక తలా, దాని వెనకున్న మెడభాగమూ బయటికి పెడుతుంది. వెలుగు వచ్చేది ఆ మెడ నుంచే. వేలెడంత కూడా లేని ఆ పురుగు అలా దీపం పెట్టుకుని, దవడలు తెరుచుకుని కూర్చుంటుంది.

ఎవరి కోసం? ఉసిళ్ల కోసం!

తొలకరి పడగానే పుట్టల్లోంచి రెక్కల చెదలు గుంపులుగా లేస్తాయి. మన ఇళ్లలో ట్యూబులైటు చుట్టూ ముసిరేవి, ఊళ్లలో కొందరు పట్టుకుని వేయించుకుని తినేవీ ఇవే. రెక్కల చీమలూ అదే సమయంలో బయల్దేరతాయి. వెలుగు ఎక్కడుంటే అక్కడికి వెళ్లడం వాటికి అలవాటు. వేల ఎకరాల చీకట్లో వెలుగు ఎక్కడుంది? పుట్ట మీద. వాలిన మరుక్షణం దవడలు మూసుకుంటాయి, ఉసిలి సొరంగంలోకి వెళ్లిపోతుంది. ఏడాదిలో కొన్ని వారాలే దొరికే విందు ఇది. దీపాలు ఆ వారాల్లోనే అంత జోరుగా వెలగడానికి కారణమూ అదే. మనం ట్యూబులైటు కింద నీళ్ల పళ్లెం పెట్టి ఉసిళ్లను పట్టినట్టే, ఆ పిల్లపురుగూ దీపం పెట్టి పడుతుంది.

ఈ పురుగును శాస్త్రలోకానికి పరిచయం చేసి పేరు పెట్టింది బ్రెజిల్ కీటక శాస్త్రవేత్త క్లెయిడే కోస్టా. 1982లో ఆమె దీనికి 'పైరియరైనస్ టెర్మిటిల్యూమినాన్స్' అని నామకరణం చేశారు. చెదల పుట్టను వెలిగించేదన్న అర్థం ఆ పేరులోనే ఉంది. అదే ఏడాది కెంట్ రెడ్‌ఫర్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ వెలుగు ఎరను రప్పించుకోవడానికే కావచ్చని ఓ వ్యాసంలో వివరించారు.

చుట్టాలే... కానీ దీపం ఎవరిది వారిదే

వెలుగు అనగానే మిణుగురులే గుర్తొస్తాయి. నిజానికి మిణుగురు కూడా పెంకుపురుగే. క్లిక్ బీటిల్‌కు దగ్గరి చుట్టం. ఇదే బ్రెజిల్‌లో ఇంకో చుట్టమూ ఉంది. పేరు రైలుపురుగు. దాని ఒంటికి అటూ ఇటూ రైలు కిటికీల్లా పచ్చని దీపాలు ఉంటే, తలమీద ఎర్రదీపం! పురుగుల్లో ఎరుపు వెలుగు ఉండటం చాలా అరుదు.

వీటన్నింటి ఒంట్లో వెలుగు తయారయ్యే పద్ధతి ఒకటే. లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలుస్తుంది. లూసిఫెరేజ్ అనే ఎంజైము ఆ పని చేయిస్తుంది. వెలుగు పుడుతుంది. వేడి దాదాపు ఉండదు. కాబట్టి అందరికీ ఓ ముత్తాత నుంచే ఈ దీపం వారసత్వంగా వచ్చి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 2018లో రెండు రకాల మిణుగురుల, ప్యూర్టోరికో దీవిలోని ఓ క్లిక్ బీటిల్ జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూసిన శాస్త్రవేత్తలు మాత్రం వేరే మాట చెప్పారు. మిణుగురులు, క్లిక్ బీటిల్స్ ఈ విద్యను విడివిడిగానే నేర్చుకుని ఉండాలట. అన్నదమ్ముల పిల్లలు ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు ఊళ్లలో ఒకే వ్యాపారం పెట్టినట్టన్నమాట!

ఎమాస్ పిల్లపురుగు దీపం మనుషులకూ అక్కరకొచ్చింది. బ్రెజిల్ శాస్త్రవేత్త వదీమ్ వివియానీ బృందం 1999లో దాని లూసిఫెరేజ్ జన్యువును వేరు చేసింది. మరకత పచ్చలాంటి దాని వెలుగు ఇప్పుడు ప్రయోగశాలల్లో ఓ పనిముట్టు. ఓ కణంలో ఫలానా జన్యువు పనిచేస్తోందా లేదా అన్నది తెలియాలంటే దానికి ఈ దీపం జన్యువును జతచేస్తారు. పనిచేస్తే కణం వెలుగుతుంది. మందులు, రోగాల మీద జరిగే పరిశోధనల్లో ఇలాంటి వెలుగు కణాల వాడకం ఎక్కువే.

ఫొటోలో దొంగ ఎవరు?

ఈ పుట్టలు ప్రపంచం నోట్లో బాగా నానింది ఓ వివాదంతో. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా నిర్వహించే వన్యప్రాణి ఫొటోల పోటీలో 2017లో ఓ విభాగం బహుమతి ఎమాస్‌లో తీసిన చిత్రానికి దక్కింది. నక్షత్రాల ఆకాశం కింద ఆకుపచ్చ చుక్కల పుట్ట. ఆ పుట్టను తవ్వడానికి ముట్టె చాచిన చీమలతిండి జంతువు. చూసినవాళ్లంతా ఔరా అన్నారు.

కొన్ని నెలలకు అనుమానం మొదలైంది. పార్కు ద్వారం దగ్గర సందర్శకుల కోసం గడ్డి కూరి నిలబెట్టిన చీమలతిండి బొమ్మ ఒకటి ఉంది. ఫొటోలోని జంతువు ఒంటిమీది చారలు, వెంట్రుకల కుచ్చులు, నిలబడ్డ తీరు అచ్చం దాని లాగే ఉన్నాయని మ్యూజియానికి సమాచారం అందింది. నిపుణులు రెండింటినీ పోల్చి చూశారు. 2018 ఏప్రిల్‌లో మ్యూజియం ఆ బహుమతిని రద్దు చేసింది. ఫొటోగ్రాఫర్ మాత్రం అది బతికున్న జంతువేనని చివరిదాకా చెప్పాడు.

ఇంత గొడవలోనూ ఎవరూ అనుమానించనిది ఒకటుంది. ఆ పుట్ట మీది దీపాలు. నమ్మశక్యం కానిది అవే, కానీ ఆ ఫొటోలో అవే అసలైనవి!

సోయా సముద్రంలో దీవి

విమానంలోంచి చూస్తే ఎమాస్ సరిహద్దు స్కేలు పెట్టి గీసినట్టు కనిపిస్తుంది. ఇటు గోధుమరంగు గడ్డి. అటు సోయా, మొక్కజొన్న, పత్తి, చెరకు చేలు... కనుచూపు మేరా. సెరాడో నేలలో ఆమ్లగుణం ఎక్కువ. పంటలకు పనికిరాదనుకునేవారు. 1970ల నుంచి సున్నం వేసి నేలను బాగుచేయడం, వేడికి తట్టుకునే సోయా రకాలు రావడంతో కథ మారింది. బ్రెజిల్ ప్రపంచంలోనే అతి పెద్ద సోయా దేశమైంది. అందుకు సెరాడో చెల్లించిన ధర... సహజమైన గడ్డిభూమిలో దాదాపు సగం.

ఇది మనకు సంబంధం లేని విషయమేమీ కాదు. మన దేశం దిగుమతి చేసుకునే సోయా నూనెలో పెద్ద భాగం వచ్చేది అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కిరాణా కొట్లో కొనే ప్యాకెట్‌లో ఆ ఎర్రమట్టి పంట కొంతైనా ఉండే అవకాశం ఉంది.

అయితే పంటకూ పురుగు దీపానికీ వైరం ఎక్కడ? రైతుకు పుట్ట అడ్డు. ట్రాక్టరు, కోత యంత్రం సాఫీగా తిరగాలంటే నేల చదునుగా ఉండాలి. అందుకని ముందు పుట్టల్ని కూలగొడతారు. పుట్ట పోతే సొరంగం తవ్వుకునే చోటు లేదు. ఉసిళ్లూ లేవు. ఆపైన పురుగుమందులు. వాటికి తోడు కరెంటు దీపాలు. పెరట్లో ఓ పెద్ద లైటు వెలుగుతుంటే ఉసిళ్లు పిల్లపురుగు చిన్ని దీపం వైపు ఎందుకు వెళతాయి? మిణుగురుల తంటా ఇంకోరకం. వాటికి వెలుగే పెళ్లిపిలుపు. చుట్టూ కాంతి ఎక్కువైతే ఆడదానికి మగదాని సంకేతం కనిపించదు.

ఎమాస్ పార్కులోనూ చుట్టుపక్కల పొలాల్లోనూ దాదాపు మూడు దశాబ్దాల పాటు రాత్రుళ్లు తిరిగి వెలుగు పురుగుల లెక్క తీసిన బ్రెజిల్ పరిశోధకులు తేల్చింది ఇదే. కంచె బయట వీటి సంఖ్య బాగా తగ్గిపోయింది. ఒకప్పుడు పొలాల్లోనూ కనిపించిన వెలుగు పుట్టలు ఇప్పుడు అరుదు.

నిప్పుతో తంటా

కంచె లోపలైనా అంతా క్షేమమేనా అంటే... నిప్పుంది. సెరాడోకు మంటలు కొత్త కాదు. వానాకాలంలో పిడుగు పడి గడ్డి అంటుకోవడం, వెంటనే కురిసే వానకు ఆరిపోవడం అక్కడి ప్రకృతిలో భాగమే. ఆ మంటలు చిన్నవి. కాలని చోట్ల జంతువులు తలదాచుకునేవి. పార్కును కాపాడాలన్న ఉద్దేశంతో మంటలన్నింటినీ ఆపడం మొదలుపెట్టాక సమస్య వచ్చింది. ఏళ్ల తరబడి ఎండుగడ్డి పేరుకుపోయింది. ఎండాకాలంలో ఓ నిప్పురవ్వ పడితే చాలు, పార్కంతా పాకేది. 1994లో అలాగే జరిగింది. 2010 ఆగస్టులో వచ్చిన మంట పార్కులో అత్యధిక భాగాన్ని బూడిద చేసింది.

దాంతో నిప్పును నిప్పుతోనే ఆపాలన్న ఆలోచన బలపడింది. అదను చూసి కొన్ని పట్టీలను ముందే కాల్చి ఉంచుతారు. పెద్ద మంట వస్తే ఆ నల్లటి పట్టీ దగ్గర ఆగిపోవాలి. గడ్డి కాలినా పుట్ట మాత్రం నిలబడుతుంది. ఎండకు రాయిలా గట్టిపడిన మట్టి గోడ లోపలి చెదల్ని చాలావరకు కాస్తుంది. కాలిన నేల మీద తొలకరి పడి పచ్చగడ్డి మొలిచేసరికి ఉసిళ్లు మళ్లీ లేస్తాయి.

నిప్పును తట్టుకోగలదు కానీ నాగలిని తట్టుకోలేదు పుట్ట. బ్రెజిల్ అటవీ చట్టం ప్రకారం సెరాడో ప్రాంతంలోని రైతు తన భూమిలో కనీసం 20 శాతాన్ని సహజంగా వదిలేయాలి. పార్కు బయట ఈ పురుగులకు మిగిలిన ఆశ అలాంటి గడ్డిముక్కల్లోనే ఉంది. అవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటే పార్కులోంచి ఎగిరొచ్చిన తల్లిపురుగుకు గుడ్లు పెట్టడానికి ఓ పుట్ట దొరుకుతుంది. విడివిడిగా, చేల మధ్యలో ఉంటే ఎంత చట్టమున్నా ఆ పుట్టలు చీకటిగానే ఉంటాయి.

వెళ్లాలంటే...

ఎమాస్‌కు దగ్గరి ఊళ్లు రెండు. ఒకటి మినేరోస్, రెండోది చపదావ్ దొ సెయు. రెండో పేరుకి 'ఆకాశపు పీఠభూమి' అని అర్థం. మన దేశం నుంచైతే ముందు సావోపాలో చేరి, అక్కడినుంచి గొయాస్ రాజధాని గొయానియాకు విమానంలో వెళ్లాలి. గొయానియా నుంచి మినేరోస్‌కు రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్ల పైనే. జంతువులను చూడాలంటే గడ్డి తక్కువగా ఉండే ఎండాకాలం మంచిది. పుట్టల దీపాలు చూడాలంటే మాత్రం తొలకరి దాకా ఆగాలి. చీకట్లో పార్కులోకి సొంతంగా వెళ్లడం కుదరదు, అక్కడి గైడు తోడుండాలి. అమావాస్యకు దగ్గరి రోజులు చూసుకుంటే మేలు. ఎంత చీకటిగా ఉంటే అంత బాగా కనిపిస్తాయి.